పరిచయం వేరు, పైరవీ వేరు

(పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా మన సంఘ భవనంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన యువతీయువకులను కూడా ఈ సభకు ఆహ్వానించడం జరిగింది.)



కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం "ఉద్యోగోన్నతిలో పరిచయాల పాత్ర". ఈ మాట నోటీసు బోర్డు మీద అంటించిన రోజే ఇద్దరు సభ్యులు నా దగ్గరకు వచ్చారు. ఒకాయన, "ఏమండీ, కొత్తగా చేరిన పిల్లలను పిలిచి పైరవీలు నేర్పుతారా?" అని కోప్పడ్డారు. రెండో ఆయన నవ్వి, "పరిచయం లేకుండా పని ఎక్కడైందో చూపించండి చూద్దాం" అన్నారు. ఇద్దరూ సర్వీసంతా కళ్లతో చూసిందే చెప్పారు. కనుక ఇద్దరినీ కాదనడానికి లేదు. ఆ ఇద్దరూ ఇవాళ మొదటి వరసలోనే కూర్చున్నారు కాబట్టి నేను కొంచెం జాగ్రత్తగా మాట్లాడవలసి ఉంది.

ముందుగా నా అర్హత చెప్పుకోవాలి. నేను కలెక్టరును కాలేదు, తహసీల్దారునూ కాలేదు. 1974లో లోయర్ డివిజన్ క్లర్కుగా, అంటే ఇప్పటి జూనియర్ అసిస్టెంటుగా చేరాను. 2008లో సూపరింటెండెంటుగా దిగాను. 34 ఏళ్లలో నాకు తెలిసిన మనుషులంతా తప్పాలు గుమాస్తాలు, టైపిస్టులు, ట్రెజరీ అకౌంటెంట్లు, రికార్డు కీపర్లు, అటెండర్లు, డఫేదార్లు. పెద్దవాళ్ల పరిచయాల గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. చిన్నవాళ్ల పరిచయాల గురించి నేను చెబుతాను.

మొదట నిబంధన ఏమంటుందో చూద్దాం. నిబంధన చూడకుండా మాట్లాడితే నేను గుమాస్తానెలా అవుతాను! 1964 నాటి ప్రవర్తనా నియమావళి మనకూ ఉంది, కేంద్ర ఉద్యోగులకూ ఉంది. తన సర్వీసు విషయాల్లో లాభం కోసం పై అధికారుల మీద రాజకీయ పలుకుబడిగాని, మరే బయటి పలుకుబడిగాని ప్రయోగించరాదని రెంటిలోనూ ఉంది. కేంద్ర నియమావళిలో అది 20వ నిబంధన. దీనిని చూపించి, "పరిచయం అన్నదే తప్పు, తల వంచుకుని పని చేసుకుంటే చాలు" అని బోధించే పెద్దలు మా రోజుల్లో ఉండేవారు. వారి మీద నాకు గౌరవమే. కాని ఆ నిబంధన పలుకుబడిని నిషేధించింది గాని, పలకరింపును నిషేధించలేదు.

మరి పలకరింపు ఎక్కడ ఆగుతుంది, పలుకుబడి ఎక్కడ మొదలవుతుంది? దీనికి నేను చేరిన కొత్తలో మా సెక్షన్ హెడ్ గుమాస్తాగారు ఒక కొలబద్ద చెప్పారు. "బాబూ, నువ్వు ఎవరినైనా ఒక సహాయం అడిగే ముందు, ఆ అడిగినదాన్ని నోట్ ఫైలులో రాసి కింద సంతకం పెట్టగలవా అని చూసుకో. రాయగలిగితే అడుగు. రాయలేకపోతే ఆ గుమ్మం ఎక్కకు" అన్నారు. "ఈ పరీక్షకు ఏ పుస్తకాలు చదవాలో ఫలానావారిని అడిగి తెలుసుకున్నాను" అని నోట్ ఫైలులో నిక్షేపంలా రాయవచ్చు. "నాకన్నా సీనియరును పక్కన పెట్టి నన్ను ఆ సీటులో వేయమని ఫలానావారి చేత చెప్పించాను" అని రాయగలరా? మొదటిది పరిచయం, రెండోది పైరవీ. నా సర్వీసంతా ఈ కొలబద్దే వాడాను. ఇంతకన్నా మంచిది నాకు తర్వాత ఎక్కడా దొరకలేదు.

ఇక పరిచయం వల్ల ఏం వస్తుంది? పిల్లలు ఎదురుచూస్తున్నది ఈ మాట కోసమే. నా అనుభవంలో దాని వల్ల ముందుగా వచ్చేది కబురు. ఉద్యోగం, పదోన్నతి అన్నవి తర్వాత సంగతి.

మా రోజుల్లో డిపార్ట్‌మెంటల్ పరీక్షలు ప్యాసయితే తప్ప ముందుకు కదిలేది లేదు. సర్వీస్ కమిషన్ వాళ్లు ఏడాదికి రెండుసార్లు పెట్టేవారు. నోటిఫికేషన్ గజిట్‌లో వచ్చేది. గజిట్ ఆఫీసుకు వచ్చేది, పై బల్ల మీద కొన్నాళ్లు, సొరుగులో కొన్నాళ్లు విశ్రాంతి తీసుకునేది. మా దాకా వచ్చేసరికి ఒక్కోసారి గడువు రెండు మూడు రోజులే ఉండేది. ఒక్కోసారి అదీ ఉండేది కాదు. మా పక్క ఆఫీసులో నాకు ముఖపరిచయం మాత్రమే ఉన్న ఒక ట్రెజరీ గుమాస్తా ఉండేవారు. చలానా కట్టడానికి వెళ్లినప్పుడు నెలకోసారి కనబడేవారు. ఒకరోజు చలానా మీద ముద్ర వేస్తూ, "అకౌంట్ టెస్టుకు కట్టారా? నోటిఫికేషన్ పడింది కదా" అన్నారు. అంతే. ఆ సాయంత్రమే దరఖాస్తు పంపాను. తర్వాత ఆయనే ఏ నిబంధన ఏ పుస్తకంలో ఎక్కడుందో కాగితం ముక్కలు పెట్టి చూపించారు. ఆ పరీక్ష పుస్తకాలు చూసి రాసేదే అయినా, ఏ పుస్తకంలో ఏ పేజీ తీయాలో తెలియనివాడికి పుస్తకం ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే. పరీక్ష రాసింది నేనే, ప్యాసయిందీ నేనే. ఆయన ఇచ్చింది ఒక్క కబురు. ఆ కబురు నా సెక్షనులో నా పక్కనే కూర్చుని, రోజూ నాతో క్యారేజీ పంచుకుని తినే ప్రాణమిత్రులు ఇవ్వలేకపోయారు. ఎందుకు? నాకు తెలియనిది వాళ్లకూ తెలియదు. అందరం ఒకే సొరుగు కింద ఉన్నవాళ్లం.

ఈ సంగతి నేను ఏదో గుమాస్తా వేదాంతంగా అనుకునేవాణ్ణి. ఈ మధ్య మా అన్నగారి మనవరాలు చెబితే తెలిసింది, దీని మీద అమెరికాలో పెద్ద పరిశోధనే జరిగిందట. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో ఒక వ్యాసం, 1974లో ఒక పుస్తకం రాశారు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని న్యూటన్ అనే ఊళ్లో, కొత్తగా ఉద్యోగం మారిన 282 మందిని తీసుకుని, ఆ ఉద్యోగం సంగతి ఎలా తెలిసిందని విచారించారు. సగానికి పైగా, అంటే నూటికి 56 మంది, తెలిసినవారి ద్వారా అన్నారు. ఆ తెలిసినవారిని ఎంత తరచుగా కలిసేవారని అడిగితే, వారానికి రెండుసార్లయినా కలిసేవాళ్లమన్నవారు నూటికి 17 మందిలోపే. అప్పుడప్పుడు కలిసేవాళ్లమన్నవారు 56 మంది దాకా, ఏడాదికోసారి కూడా గట్టిగా కలవమన్నవారు 28 మంది దాకా తేలారు. దగ్గరి స్నేహితులకు మనకు తెలిసిందే తెలుస్తుంది, దూరపు పరిచయస్తులు మరో లోకంలో తిరుగుతారు కనుక మరో లోకపు కబురు తెస్తారు అని ఆయన సిద్ధాంతం. 2022లో లింక్డిన్ అనే ఉద్యోగ పరిచయాల వేదికలో సుమారు 2 కోట్ల మంది మీద ఐదేళ్లపాటు జరిగిన ప్రయోగాల ఫలితాలు 'సైన్స్' పత్రికలో వచ్చాయి. మరీ దగ్గరివారు కాక, మరీ ముక్కూమొహం తెలియనివారూ కాక, మధ్యస్థంగా తెలిసినవారి వల్లే కొత్త ఉద్యోగాలకు ఎక్కువ మేలు జరిగిందని తేలింది. చలానా కిటికీ దగ్గర నాకు తెలిసింది ఇదే!

అయితే ఇటువంటి దూరపు పరిచయాలు ఎలా ఏర్పడతాయి? విజిటింగు కార్డు చేతిలో పెట్టుకుని తిరిగితే ఏర్పడవు. నలుగురితో కలిసి కష్టం చేసినచోట ఏర్పడతాయి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. వేలమంది ప్రాణాలు పోయాయి. పొరుగు జిల్లాల నుంచి మమ్మల్ని సహాయ కార్యక్రమాలకు పంపించారు. రెవెన్యూ వాళ్లం, పంచాయతీరాజ్ వాళ్లం, కరెంటు వాళ్లు, ఉపాధ్యాయులు, ఆరోగ్యశాఖ వాళ్లు అంతా ఒకే పాఠశాల వసారాలో పడుకున్నాం. ఎవడు ఏ గ్రేడో ఎవరికీ పట్టలేదు. బియ్యం లెక్క రాసేవాడు రాశాడు, మోసేవాడు మోశాడు. అక్కడ మనిషిని మనిషి చూశాడు. పేరు అడిగి తెలుసుకున్నాం, ఊరు అడిగి తెలుసుకున్నాం. ఆ తర్వాత 30 ఏళ్లపాటు ఏ శాఖలో ఏ సందేహం వచ్చినా, "అయ్యా, నేను ఉప్పెన డ్యూటీలో మీతో ఉన్నవాణ్ణి" అని ఒక్క కార్డుముక్క రాస్తే జవాబు వచ్చేది. అక్కడికి పరిచయాల కోసమని ఎవరూ వెళ్లలేదు. కష్టంలో మనం ఎలా ఉన్నామో చూసినవాడే మన గురించి తర్వాత నాలుగుచోట్ల చెబుతాడు. ఎన్నికల డ్యూటీ, జనాభా లెక్కలు, వరదలు, ఇవి వచ్చినప్పుడు మెడికల్ సర్టిఫికెట్టు పెట్టి తప్పించుకునే పిల్లలకు నేను చెప్పేది ఇదే. తప్పించుకున్నది పనిని ఒక్కదాన్నే అనుకోకండి.

ఇంకొక సంగతి. 1983 ఫిబ్రవరిలో పదవీ విరమణ వయస్సు 58 నుంచి 55కు తగ్గించారు. ఆ నెలాఖరుకు 55 దాటినవారంతా ఒక్కసారిగా ఇంటికి వెళ్లారు. తర్వాత మళ్లీ 58 చేశారనుకోండి. అప్పుడు ఆఫీసుల్లో ఏం జరిగిందో ఇక్కడున్న పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఫైళ్లు ఉన్నాయి, ఫైలు కథ తెలిసినవాడు లేడు. పాత ఆర్.డిస్. ఎక్కడుందో, ఫలానా భూమి తగాదాలో 20 ఏళ్ల కిందట ఏం ఉత్తర్వు వచ్చిందో చెప్పేవాడు లేడు. అప్పుడు మాలో కొందరం సాయంత్రం ఆఫీసు అయిపోగానే సైకిలెక్కి ఆ ఇళ్లకు వెళ్లేవాళ్లం. వాళ్లు బాధలో ఉన్నారు. పెళ్లి కావలసిన ఆడపిల్లలు, చదువు పూర్తికాని కొడుకులు, చేతికి రాని పింఛను. అయినా వసారాలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, గ్లాసెడు మజ్జిగ ఇచ్చి, ఫైలు కథ పొల్లుపోకుండా చెప్పేవారు. అంతకుముందు వాళ్లను పండక్కో పబ్బానికో పలకరించినవాళ్లు ధైర్యంగా వెళ్లగలిగారు. ఎన్నడూ పలకరించనివారికి ఆ గుమ్మం ముందు కాళ్లు ఆడలేదు. ఆ రెండేళ్లలో పని నేర్చుకున్నవాళ్లే, 1985లో మండలాలు వచ్చి రాష్ట్రమంతా వెయ్యికి పైగా కొత్త ఆఫీసులు తెరిచినప్పుడు ధైర్యంగా సీట్లలో కూర్చోగలిగారు. అవకాశం అందరికీ ఒకేసారి వచ్చింది. పని తెలిసినవాడికి అక్కరకు వచ్చింది. పని తెలియడానికి మాత్రం మనుషులు కావలసి వచ్చారు.

ఇప్పుడు రెండోవైపు కూడా చెప్పాలి. ఒక్క మనిషి నీడలో పెరిగిన ఉద్యోగం ప్రమాదం.

మన తెలుగువాళ్లలో కావలి సోదరుల సంగతి మీలో చాలామంది చదివే ఉంటారు. ఏలూరు ప్రాంతపువారు. కర్నల్ కాలిన్ మెకంజీ దొర దగ్గర బొర్రయ్యగారు చేరారు. ఊరూరా తిరిగి శాసనాలు, కైఫీయతులు సేకరించడంలో మెకంజీకి కుడిభుజంగా నిలిచారు. ఆయన 1803లో చిన్న వయస్సులోనే పోతే, తమ్ముడు లక్ష్మయ్యగారు ఆ భారం మోశారు. ఈనాడు మన గ్రామాల చరిత్ర ఏ కొంచెం తెలిసినా ఆ అన్నదమ్ముల చలవ ఎంతో ఉంది. మెకంజీ 1821లో కాలధర్మం చెందారు. ఆ పనిని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్యగారు 1830లలో కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారికి విన్నవించుకుంటే, ప్రిన్సెప్ ప్రభృతులు ఒప్పుకోలేదు. అంతటి పనికి ఆయన చాలరని తేల్చేశారు. దాదాపు పాతికేళ్లు ఆ పనే చేసిన మనిషిని! ఇందులో ఆనాటి దొరల చిన్నచూపు ఎంతో ఉంది, కాదనను. కాని ఆయన విలువ ఎరిగిన పెద్ద ఒక్కరే కావడం, ఆ ఒక్కరూ పోవడం కూడా ఉంది. సాక్షి ఒక్కడే అయితే, ఆ సాక్షి పోయిననాడు కేసు పోయినట్టే.

మన ఆఫీసుల్లో ఇటువంటివి ఎన్ని చూడలేదు! నాకు తెలిసిన ఒక టైపిస్టు ఉండేవాడు. వేళ్లు మిషను మీద పరుగెత్తేవి. ఒక ఆఫీసరుగారు అతన్ని క్యాంపుకు తీసుకెళ్లారు, తన పేషీలో వేసుకున్నారు, ఇంటి పనులకూ పిలిచారు. ఐదేళ్లపాటు అతను తోటి గుమాస్తాలతో టీ తాగలేదు. ఆ ఆఫీసరుగారు బదిలీ అయిన వారానికే అతనికి మారుమూల సీటు వచ్చింది. "ఎందుకిలా?" అని అడగడానికి ఒక్క మనిషి లేడు. అతని పనితనం తగ్గిందా? లేదు. అది చూసినవాడు ఊళ్లో లేడు. పైరవీలోని దోషం నీతి సంగతి అలా ఉంచినా, లెక్క ప్రకారం కూడా నష్టమే. పైరవీతో వచ్చినది చెప్పినవాడు కుర్చీలో ఉన్నంతకాలమే ఉంటుంది.

దీనికి ఎదురుగా మరో ఉద్యోగిని చూడండి. ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరు. చిన్నప్పుడే తండ్రి పోయినవారు. 1830 మే నెలలో బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చేవరకు కాశీయాత్ర చేశారు. దారి పొడుగునా కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెగారనే మిత్రునికి ఉత్తరాలు రాస్తూ వచ్చారు. ఏదో పని పడి రాసిన ఉత్తరాలు కావవి. చూసింది చూసినట్టు చెప్పుకున్నారు. వీరాస్వామయ్యగారు 1836లో గతించారు. 1838లో ఆ మిత్రుడే వాటిని పుస్తకంగా అచ్చు వేయించారు. కోర్టులో ఆయన జీతమెంతో మనలో ఎవరికీ పట్టదు. ఆయన పేరు మనదాకా వచ్చింది ఆ ఉత్తరాల వల్ల, వాటిని దాచి ఉంచిన స్నేహం వల్ల. పని లేనప్పుడు రాసిన ఉత్తరానికి ఉన్న విలువ, పని పడినప్పుడు రాసిన ఉత్తరానికి ఉండదు.

ఇంతవరకు చెప్పిందంతా పరిచయం ఉన్నవారి కథ. లేనివారి సంగతి ఏమిటి? ఈ ప్రశ్న వేసుకోకపోతే నేను సగం ఫైలే పుటప్ చేసినట్టు అవుతుంది.

మా రోజుల్లో ఆఫీసు కబుర్లన్నీ ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గర నడిచేవి. ఏ సీటు ఖాళీ అవుతోంది, ఏ జీ.వో. రాబోతోంది, సీనియారిటీ జాబితా మీద అభ్యంతరాలకు గడువు ఎన్నాళ్లు, అన్నీ అక్కడే. మా సెక్షనులో ఇద్దరు స్త్రీలు పనిచేసేవారు. మాలో చాలామంది కన్నా చక్కటి డ్రాఫ్టు రాసేవారు. వాళ్లు టీ బడ్డీ దగ్గరకు రావడం ఆనాడు ఊహించలేనిది. కనుక కబురు వాళ్లకు చివరికి అందేది. అలాగే సాంఘిక సంక్షేమ హాస్టలులో చదువుకుని, ఇంట్లో మొట్టమొదటగా ఉద్యోగానికి వచ్చిన కుర్రాళ్లు ఉండేవారు. నాకు మా మేనమామ ట్రెజరీలో ఉండేవాడు. సర్వీసు రిజిస్టరు అంటే ఏమిటో ఉద్యోగానికి రాకముందే విన్నాను. వాళ్లకు చెప్పడానికి మేనమామ ఎవరు? మార్కుల్లో నాకన్నా ముందున్నవారు. కబురులో వెనకబడ్డారు. పరిచయాల గొప్పతనం గురించి ప్రసంగాలు చేసే మనం, ఆ పరిచయాలు పుట్టుకతో, కులంతో, ఊరితో, టీ బడ్డీతో పంచబడ్డాయని కూడా చెప్పాలి. లేకపోతే ఆ ప్రసంగం ఉన్నవాడికి దీవెన, లేనివాడికి ఎత్తిపొడుపు అవుతుంది.

కొన్నేళ్ల కిందట ఒక కార్యాలయంలో పనిచేసిన అటెండరు సర్వీసులో ఉండగానే పోయాడు. అతని భార్య చదువుకోలేదు. కుటుంబ పింఛను కోసం 14 నెలలు తిరిగింది. వెళ్లినప్పుడల్లా "కాగితం సరిగ్గా లేదమ్మా, మళ్లీ రా" అనేవారట. ఏ కాగితమో, ఏం సరిగ్గా లేదో చెప్పినవాడు లేడు. ఒకరోజు ఆమె మన భవనం మెట్ల మీద కూర్చుని ఉంటే, మన సభ్యులలో ట్రెజరీలో చేసి రిటైరైన ఒకాయన ఆ సంచిలోని కాగితాలు చూశారు. రెండు కాగితాల్లో ఆమె పేరు రెండు రకాలుగా ఉంది. అంతే అభ్యంతరం. ఏ ధ్రువపత్రం తేవాలో రాసి ఇచ్చారు. ఎవరికీ ఫోను చేయలేదు, ఎవరి పేరూ వాడలేదు. మూడో నెలలో ఆమెకు బకాయిలతో సహా పింఛను వచ్చింది. "మీరు దేవుడు బాబూ" అని ఆయన కాళ్లకు దణ్ణం పెట్టబోతే ఆయన వెనక్కి జరిగి, "ఇది నీ హక్కమ్మా, నేనిచ్చింది కాదు" అన్నారు.

నేను మిమ్మల్ని అడిగేదేమిటంటే, హక్కు ఉన్న మనిషికి పరిచయం ఎందుకు కావలసి వచ్చింది? రాకూడదు. కాని వచ్చింది. ఆ 14 నెలలు ఆమె పిల్లలు ఏం తిన్నారో ఏ రిజిస్టరులోనూ ఉండదు. పరిచయం గురించి మాట్లాడే అర్హత మనకు ఉండాలంటే, మనకున్న పరిచయం ఆ మెట్ల మీద కూర్చున్న మనిషికి అందాలి.

ఇది కొత్త సంగతేమీ కాదు. మనం డిసెంబరు 17ను ఎందుకు పండగలా చేసుకుంటున్నాం? 1982లో అదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. 1979 మార్చి 31కి ముందు రిటైరైనవారికి ఒక లెక్క, తర్వాత రిటైరైనవారికి మరో లెక్క అంటూ పింఛనుదారులను రెండుగా చీల్చడం చెల్లదన్నది. పింఛను దయాధర్మం కాదు, హక్కు అన్నది. ఆ కేసు వేసింది ఎవరు? నకారాగారు పౌర సర్వీసులో పనిచేసి రిటైరైన ఉద్యోగి. ఆయనతో సైన్యం నుంచి రిటైరైన మరొకరు కలిశారు. వారికి తోడుగా హెచ్.డి. శౌరీగారు స్థాపించిన కామన్ కాజ్ సంస్థ పిటిషనరుగా నిలబడింది. వేరువేరు చోట్ల పనిచేసి రిటైరైన మనుషులు ఒకచోట కలిశారు. ఎవరికి వారు తమ పింఛను ఒక్కటే సర్దించుకుని ఊరుకుని ఉంటే అది పైరవీ అయ్యేది. అందరి కోసం అడిగారు కనుక అది తీర్పు అయింది. మనం ప్రతి నెలా తీసుకునే పింఛనులో ఆ పరిచయం ఉంది.

ఇక పిల్లలకు నాలుగు మాటలు. మా అన్నగారి మనవరాలు గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు. 2019 అక్టోబరులో ఆ సచివాలయాలు వచ్చినప్పుడు లక్షకు పైగా పిల్లలు ఒక్కసారిగా ఉద్యోగాల్లో చేరారు, అందులో ఒకతె. ఆమె ఒకరోజు, "తాతయ్యా, వాట్సాప్ గ్రూపుల్లో నాకు ఏడొందల మంది తెలుసు. ఒక్క సందేహం అడగడానికి ఒక్కరు లేరు" అంది. నేను, "అమ్మా, ఆ ఏడొందల మందిలో నీ సహాయం పొందినవారు ఎంతమంది?" అని అడిగాను. లెక్క పెట్టుకుని, "నలుగురు" అంది. "అయితే నీకు తెలిసినవాళ్లు నలుగురే. అక్కణ్ణుంచి మొదలుపెట్టు" అన్నాను.

అమ్మా, బాబూ, మీ అందరికీ చెప్పేదీ అదే. అడిగే ముందు ఇవ్వండి. మీకు కంప్యూటరు తెలుసు. 2018లో సి.ఎఫ్.ఎం.ఎస్. వచ్చినప్పుడు బిల్లు ఎక్కించడం రాక మా వయసుకు దగ్గరపడినవారు ఎంత తల్లడిల్లారో మీరెరుగుదురు. అలాంటివారి పక్కన పది నిమిషాలు కూర్చోండి. పై బల్లకు పెట్టే నమస్కారమే అటెండరుకూ పెట్టండి. ఫైలు ఎక్కడుందో కలెక్టరుగారికి తెలియదు, అతనికి తెలుస్తుంది. మీ శాఖ కానివారితో ఏడాదికి రెండుసార్లయినా పలకరింపు ఉంచుకోండి. ఎవరైనా సహాయం చేస్తే, పని అయినా కాకపోయినా ఫలితం చెప్పండి. పని అయ్యాక మొహం చాటేసేవాడికి రెండోసారి తలుపు తెరుచుకోదు. ఎవరి ముందూ మరొకరిని తగ్గించి మాట్లాడకండి, ఆఫీసు గోడలకు చెవులు ఎక్కువ. అన్నింటికీ మించి, మీ పని మీరు శుభ్రంగా చేయండి. పరిచయం మీ పేరును నలుగురి దగ్గరకు మోసుకుపోతుంది. ఆ పేరు మంచిదైతేనే మోసినందువల్ల లాభం. నోట్ ఫైలు కొలబద్ద మరిచిపోకండి. ఇప్పుడు ఫైళ్లు ఈ-ఆఫీసులో నడుస్తున్నాయి. అయినా కొలబద్ద మారలేదు.

చివరగా మన సంఘానికి ఒక ప్రతిపాదన. అధ్యక్షులవారి అనుమతితో తీర్మానంగా పెడుతున్నాను. ప్రతి నెలా మొదటి ఆదివారం ఉదయం 10 నుంచి 12 గంటల వరకు మనలో ముగ్గురు ఈ భవనంలో కూర్చోవాలి. ట్రెజరీ తెలిసినవారు ఒకరు, సర్వీసు నిబంధనలు తెలిసినవారు ఒకరు, పరీక్షల సంగతి తెలిసినవారు ఒకరు. ఎవరైనా రావచ్చు, ఏ శాఖవారైనా రావచ్చు. సభ్యత్వం అడగరాదు, ఎవరి మనిషి అని అడగరాదు. వచ్చినవారి పేరు, సందేహం, మనం చెప్పిన సమాధానం ఒక రిజిస్టరులో రాయాలి. అవును, రాయాలి. రాయలేని సమాధానం ఇక్కడ చెప్పకూడదు. ముఖ్యంగా ఆడపిల్లలకు, ఇంట్లో మొట్టమొదటి ఉద్యోగస్తులైన పిల్లలకు ఈ కబురు ముందుగా చేరేలా చూడాలి. టీ బడ్డీ దగ్గర వాళ్లకు అందనిది ఈ బల్ల దగ్గర అందాలి. మొదటి రెండు నెలలు సర్వీసు నిబంధనల కుర్చీలో నేను కూర్చుంటానని మాట ఇస్తున్నాను. మోకాళ్ల నొప్పులున్నా కూర్చునే పనే కనుక ఇబ్బంది లేదు.

నోటీసు చూసి నా దగ్గరకు వచ్చిన మిత్రులిద్దరినీ మిగిలిన రెండు కుర్చీల్లో కూర్చోమని ఈ సభాముఖంగా కోరుతున్నాను. ఒకరు పైరవీ జరగకుండా చూస్తారు, ఒకరు పని జరిగేలా చూస్తారు.